ఒంటి మీద ఊదా మచ్చలు: సికిల్ సెల్ పిల్లల తల్లులకు ఒక మాట

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివాక మిగిలినవన్నీ పక్కన పెట్టేశాను. పాతబస్తీ ఉప్పుగూడ నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు.

"మా పాపకు తొమ్మిదేళ్లు. రెండో ఏటనే సికిల్ సెల్ జబ్బని తేలింది. మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు. మావారు నాకు మేనత్త కొడుకే. నొప్పులు వచ్చినప్పుడు నీళ్లు బాగా తాగించడం, మాత్ర వేయడం నాకు అలవాటైపోయింది. పది రోజుల క్రితం తలంటి పోస్తుంటే పాప పిక్కల మీద గుండుసూది తలంత ఎర్ర చుక్కలు కనిపించాయి. మర్నాటికి ఊదారంగుకు తిరిగాయి. నల్లులు కుట్టి ఉంటాయని మా అత్తయ్య అంది. అమ్మవారేమో, వేపాకు పెట్టమని పక్కింటి పిన్నిగారు చెప్పారు. మావారేమో 'దాని జబ్బే రక్తం జబ్బు, అదే పైకి వచ్చింది' అని తేల్చేశారు. ఒక డాక్టరుగారు చూసి కాగితం మీద 'పర్పురా' అని రాసి, రక్తపరీక్ష చేయించమన్నారు. ఇంకా చేయించలేదు. సికిల్ సెల్ ముదిరితే పర్పురా అవుతుందా? రెండూ ఒకటేనా?"

సోదరీ, ముందు ఒక్క మాట. ఇది చదివే వేళకు ఆ పరీక్ష చేయించి ఉండకపోతే, మిగతాది తర్వాత చదువుదురుగాని, పాపను తీసుకుని బయలుదేరండి. మన ఊళ్లో అందరూ 'సీబీపీ' అనే పరీక్షే అది. ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేస్తారు. కొద్ది గంటల్లో ఫలితం చేతికొస్తుంది.

ఇక మీ ప్రశ్నకు జవాబు. రెండూ ఒకటి కావు. సికిల్ సెల్ ముదిరి పర్పురాగా మారదు. సికిల్ సెల్ ఉన్న పాపకు అలాంటి మచ్చలు వచ్చాయంటే అది పాత జబ్బు చెప్పే పాత మాట కాదు, ఒళ్లు చెబుతున్న కొత్త కబురు. దాన్ని పాత జబ్బు ఖాతాలో వేసేసి ఊరుకోవడమే అసలు ప్రమాదం. మీ వారి మీద కోపంతో అంటున్న మాట కాదిది. చాలా ఇళ్లలో ఇలాగే అనుకుంటారు.

ఏది ఏమిటి?

మన రక్తంలోని ఎర్రకణం చిల్లు పెట్టకుండా మధ్యలో వేలితో కాస్త నొక్కి వదిలేసిన గారెలా ఉంటుంది. మెత్తగా వంగుతుంది, సన్నటి రక్తనాళాల్లో కూడా జారిపోతుంది. సికిల్ సెల్ జబ్బులో హిమోగ్లోబిన్ తయారీలోనే చిన్న తేడా ఉండి, ప్రాణవాయువు తగ్గినప్పుడు కణం కొడవలిలా వంకర తిరిగి బిరుసెక్కిపోతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఈ వంకర కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే రక్తహీనత, కళ్లు పచ్చబడటం. వంకర కణాలు నాళాల్లో ఇరుక్కున్నప్పుడు ఆ భరించలేని నొప్పులు.

ఈ జబ్బును 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదట పత్రికకెక్కించాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. మన తెలుగునాట ఆదిలాబాద్, ఖమ్మం అడవి ప్రాంతాల్లో, విశాఖ మన్యంలో ఈ జన్యువు ఎక్కువ. మలేరియా బాగా ఉన్న చోట్లనే ఇది పాతుకుపోవడానికి కారణం ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ జన్యువు వచ్చినవాళ్లకు మలేరియా ప్రాణం మీదికి రావడం తక్కువని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు.

పర్పురా మాటకొస్తే, అది జబ్బు పేరు కంటే ముందు ఒక లక్షణం పేరు. లాటిన్‌లో ఊదారంగు అని అర్థం. చర్మం కింద సన్నటి నాళాల నుంచి రక్తం చెమ్మగిల్లి మచ్చ కట్టడమే పర్పురా. ఇది రెండు దారుల్లో రావచ్చు. చిల్లులు పూడ్చే ప్లేట్‌లెట్లు తగ్గిపోవచ్చు. లేదా ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నా నాళాల గోడలు వాచి కారవచ్చు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. మామూలుగా 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉండాలి. 50,000 కంటే దిగువకు పోతే మచ్చలు పడే అవకాశం, 20,000 కంటే దిగువన దానంతటదే రక్తస్రావమయ్యే భయం పెరుగుతాయి.

ఇక్కడే గమనించవలసిన విషయం ఉంది. సికిల్ సెల్ వాళ్లకు ప్లేట్‌లెట్లు సాధారణంగా తగ్గవు. సరిపడా ఉంటాయి, చాలామందికి కాస్త ఎక్కువే ఉంటాయి. అందుకే ఆ పిల్లల ఒంటి మీద మచ్చలు కనిపిస్తే 'ఎందుకు?' అని వెతకక తప్పదు.

ఇంట్లోనే చూసుకోండి

దోమ కుట్టిన దద్దురుకూ పర్పురాకూ తేడా తెలియాలంటే, శుభ్రమైన గాజు గ్లాసును మచ్చ మీద ఆనించి నొక్కి గ్లాసులోంచి చూడండి. దద్దురైతే రంగు తేలిపోతుంది. చర్మం కింద రక్తం కట్టినదైతే అలాగే ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద చుక్కలు సరిగ్గా కనపడవు. అరచేతులు, అరికాళ్లు, కింది రెప్ప లోపల, నోట్లో అంగిలి చూడండి. చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వస్తోందేమో, మూత్రం కోకాకోలా రంగులో, మలం తారులా నల్లగా ఉన్నాయేమో కూడా అడగండి. మచ్చ తేలిపోయింది కదా అని జ్వరమున్న పిల్లను మాత్రం ఇంట్లో ఉంచకండి. ఈ పరీక్ష మీకు తెలియడం కోసమే, డాక్టరుకు బదులుగా కాదు.

డాక్టరు వెతికేవి ఏమిటి?

కడుపులో బల్ల: ఎడమ డొక్కలో పక్కటెముకల కింద ఉండే ప్లీహం పెరిగితే మన పెద్దవాళ్లు బల్ల అంటారు. ఆఫ్రికా సంతతి వాళ్లలో ఈ జబ్బుండే పిల్లలకు చిన్నతనంలోనే ప్లీహం ఎండిపోతుంది. మన దేశపు పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేదాకా బల్ల అలాగే ఉంటుంది. పెరిగిన బల్ల ప్లేట్‌లెట్లను తనలో దాచేసుకుంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఒంట్లో రక్తమంతా అందులోకి చేరిపోతుంది. పిల్ల తెల్లగా పాలిపోతుంది, నీరసించి పడిపోతుంది, పొట్ట ఎడమవైపు ఉబ్బుతుంది. అప్పుడు గంటలే లెక్క. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1970లు, 80లలో డాక్టర్లు తల్లులకే రోజూ పిల్లల పొట్ట తడిమి బల్లను చూడటం నేర్పారు. అక్కడ ఈ కారణంగా పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. చెయ్యి తల్లిదే, నేర్పవలసింది డాక్టరు. ఈసారి వెళ్లినప్పుడు 'నాకూ చూపించండి' అని అడగండి, మొహమాటపడకండి.

జ్వరంతో కలిసి మచ్చలు: అన్నిటికంటే తొందరపడవలసింది ఇదే. బల్ల సరిగా పనిచేయని పిల్లలకు న్యూమోకాకస్ వంటి సూక్ష్మక్రిములు రక్తంలోకి ఎక్కితే ఒక్క రోజులో ప్రాణం తీయగలవు. మెదడు పొరలకు సోకే మెనింగోకాకస్ కూడా జ్వరంతో ఊదా మచ్చలు తెస్తుంది. ఐదేళ్ల లోపు సికిల్ సెల్ పిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యూమోకాకస్ జబ్బులు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా వైద్యులు నిరూపించారు. మీ ఇంట్లో ఐదేళ్ల లోపు బిడ్డ ఉంటే పెన్సిలిన్ గురించీ, ఏ వయసు వారికైనా న్యూమోకాకస్ టీకా గురించీ డాక్టరును అడగండి.

డెంగీ: వానలు పడ్డాక మన ఊరిలో ఏటా చూసేదే. సికిల్ సెల్ వాళ్లకు డెంగీ మరింత ప్రమాదం. జ్వరం, ఒళ్లు నొప్పులు చూసి 'మామూలు సికిల్ నొప్పే' అనుకుని ఇంట్లో బ్రూఫెన్ వేస్తే రక్తస్రావం పెరగవచ్చు.

కీళ్లనొప్పి, కడుపునొప్పి, మచ్చలు: పిల్లల్లో హెనాక్ షోన్‌లైన్ పర్పురా అని ఒకటి వస్తుంది. ఇందులో ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి, నాళాల గోడలు వాస్తాయి. మచ్చలు పిర్రల మీద, కాళ్ల మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. మడమలూ మోకాళ్లూ నొస్తాయి, కడుపు మెలిపెడుతుంది. అచ్చం సికిల్ నొప్పుల్లాగే! అందుకే ఇద్దరూ పొరబడతారు, తల్లీ డాక్టరూ. చాలామంది పిల్లలకు ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ మూత్రపిండాలకు తగలవచ్చు గనుక మూత్రపరీక్షలు కొన్ని నెలలపాటు చేయించాలి. ప్లేట్‌లెట్లు బాగున్నాయి కదా అని రిపోర్టు మడిచి బీరువాలో పెట్టకూడదనేది ఇందుకే.

ఒళ్లే ప్లేట్‌లెట్లను తినేయడం: పిల్లలకు జలుబో, చిన్న జ్వరమో వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు ఒంట్లోని రక్షణ దళమే దారితప్పి ప్లేట్‌లెట్లను నాశనం చేస్తుంది. దీన్ని ఐటీపీ అంటారు. చాలామంది పిల్లలకు కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. మందు అవసరమైతే స్టీరాయిడ్లు ఇస్తారు. కానీ సికిల్ సెల్ వాళ్లకు స్టీరాయిడ్ ఆపగానే నొప్పులు తిరగబెట్టవచ్చు. కనుక కొత్త డాక్టరు ఎవరైనా సరే, 'మా పాపకు సికిల్ సెల్ ఉంది' అన్నది మీ మొదటి మాట కావాలి.

మందు వల్ల: నొప్పులు తగ్గడానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మంచి మందే. అయితే మోతాదు ఎక్కువైతే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందుకే మధ్యమధ్య సీబీపీ చేయిస్తారు. ఆ పరీక్ష మానేయకండి. మచ్చలు వస్తే డాక్టరుకు చెప్పి ఆయన సలహా ప్రకారం నడచుకోండి. మీ అంతట మీరు మోతాదు పెంచడం, తగ్గించడం చేయకండి. రక్తం ఎక్కించిన వారం పది రోజుల్లో మచ్చలు వచ్చినా ఆ సంగతి తప్పక చెప్పాలి.

చివరిగా టీటీపీ: చాలా అరుదు, కానీ అన్నిటికంటే భయంకరం. 1924లో న్యూయార్క్ వైద్యుడు ఎలీ మోష్కోవిట్జ్ 16 ఏళ్ల అమ్మాయిలో దీన్ని మొదట వివరించాడు. సన్నటి నాళాల్లో ఎక్కడికక్కడ గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లన్నీ అందులోనే ఖర్చయిపోతాయి. రక్తహీనత, పచ్చకళ్లు, జ్వరం, తికమకగా మాట్లాడటం ఉంటాయి. సికిల్ సెల్ సంక్షోభంలోనూ దాదాపు ఇవే కనిపిస్తాయి కనుక ఒకదాని చాటున మరొకటి దాక్కుంటుంది. రెండూ కలిసి వచ్చిన రోగుల గురించి వైద్య పత్రికల్లో అక్కడక్కడా రాశారు. పెద్దాస్పత్రుల్లో ప్లాస్మా మార్పిడి చికిత్స ఉంది. ఆ చికిత్స రాకముందు పదిమందిలో తొమ్మిదిమంది దాకా దక్కేవారు కాదు. ఇప్పుడు సమయానికి పట్టుకుంటే చాలామంది బతికి బయటపడుతున్నారు. ఆ సమయాన్ని మనం ఇంట్లో పోగొట్టకూడదు.

ఇవి వద్దు

కారణం తేలేదాకా యాస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫినాక్ వంటివి ఇవ్వకండి. జ్వరానికి, నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. వీధి చివర వేసే నొప్పి ఇంజెక్షన్ వేయించకండి. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు పిరుదుకు సూది గుచ్చితే కండలో రక్తం గడ్డ కడుతుంది. మచ్చల మీద పసుపు, పసరు పట్టించకండి. అసలు మచ్చ పెరుగుతోందో తగ్గుతోందో డాక్టరుకు కనపడకుండా పోతుంది.

వంటింటి సంగతి కూడా చెప్పుకుందాం. బొప్పాయి ఆకు రసం పోస్తూ ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి. రక్తం పడుతుందని ఐరన్ టానిక్కులు, రోజూ కలేజా పెట్టకండి. తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువై ఉంటుంది. పరీక్షలో ఐరన్ తక్కువని తేలితేనే టానిక్కు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు నిక్షేపంగా పెట్టవచ్చు, ఫోలిక్ ఆమ్లం దొరుకుతుంది. నీళ్లు, మజ్జిగ, గంజి ధారాళంగా తాగించండి. బోనాల ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా ఈ పిల్లల చేత చేయించకండి. నీళ్లు లేకపోతే వంకర కణాలు చిక్కుపడతాయి. ఏ తిండీ ఈ మచ్చలను రప్పించదు, ఏ తిండీ పోగొట్టదు.

ఎక్కడికి వెళ్లాలి?

మచ్చలతో పాటు జ్వరం, పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, ఆయాసం, మగత, తలనొప్పి, మూతి వంకరపోవడం, ఎక్కడినుంచైనా రక్తం రావడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. పిల్లలకు నిలోఫర్, పెద్దలకు ఉస్మానియా వంటి పెద్దాస్పత్రులకు తీసుకెళ్లవచ్చు. ఇవేవీ లేక మచ్చలు మాత్రమే ఉంటే కూడా అదే రోజు సీబీపీ, మూత్రపరీక్ష చేయించి చూపించాలి.

పాతబస్తీ వాళ్లకు తెలిసిన చోటు ఇంకొకటి ఉంది. 1998లో ఈ జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి స్థాపించుకున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ. మొదట్లో ఛత్తా బజార్, పురానీ హవేలీ వైపు ఉండేది. ఇప్పుడు రాజేంద్రనగర్ దారిలో శివరాంపల్లిలో ఉంది. అక్కడ రక్తం ఎక్కించడంతో పాటు, కుటుంబంలో ఎవరెవరికి ఈ జన్యువు ఉందో పరీక్షలు కూడా చేస్తారు.

ప్రభుత్వం కూడా 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు 7 కోట్లమందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయాలని లక్ష్యం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా సికిల్ సెల్ చేరింది. సర్టిఫికెట్ కోసం అడిగే హక్కు మీకుంది.

మీ ఉత్తరంలో మేనరికం మాట ఉంది కనుక ఇది కూడా. భార్యాభర్తలిద్దరికీ ఈ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం, జన్యువు మాత్రం మోయడానికి 50 శాతం, అసలేమీ లేకపోవడానికి 25 శాతం అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదన్న లెక్క లేదు. ఇందులో కోడలి తప్పూ లేదు, అత్తింటి తప్పూ లేదు. మీ తమ్ముడికో, ఆడపడుచుకో పెళ్లి మాటలు నడుస్తుంటే ముందు రక్తపరీక్ష చేయించమని చెప్పండి. మళ్లీ గర్భం అనుకుంటే మూడో నెలలోపే డాక్టరును కలవండి, కడుపులోని బిడ్డకు జబ్బు ఉందో లేదో తెలుసుకునే పరీక్షలు ఉన్నాయి.

పర్సులో ఒక చీటీ

ఆఖరిగా ఒక చిన్న పని. పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని ఇవి రాసి మీ పర్సులో ఒకటి, పాప స్కూలు బ్యాగులో ఒకటి పెట్టండి. పాప పేరు, బ్లడ్ గ్రూపు, 'సికిల్ సెల్ జబ్బు ఉంది' అన్న మాట. ఒంట్లో బాగున్న రోజుల్లో హిమోగ్లోబిన్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని. బల్ల ఎన్ని వేళ్ల మేర తగులుతుంది. వాడే మందులు, మోతాదు. చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ. పడని మందులు.

బాగున్న రోజుల లెక్క ఎందుకంటారా? ఎప్పుడూ 4,50,000 ప్లేట్‌లెట్లు ఉండే పిల్లకు ఇవాళ 1,60,000 వచ్చాయనుకోండి. ల్యాబ్ కాగితం 'నార్మల్' అనే చెబుతుంది. మీ చీటీ చూసిన డాక్టరు మాత్రం మూడింట రెండు వంతులు పడిపోయాయని గ్రహించి, కారణం వెతకడం మొదలుపెడతారు. వారానికోసారి తలంటి పోసేటప్పుడు పిక్కలు, పొట్ట, అంగిలి ఒక్క నిమిషం చూడండి. ఏ మిషనూ అంత దగ్గరగా మీ పాపను చూడలేదు.